తెలిసిన పనితోనే మొదలుపెట్టండి

ఒక కార్యాలయంలో పర్యవేక్షకురాలిగా పనిచేస్తున్న 54 ఏళ్ల పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. తన పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక, ఆనవాలు పట్టగల వివరాలన్నీ తీసివేసి సారాంశాన్ని మాత్రమే ఇస్తున్నాను.

మూడు నెలల క్రితం ఆమె కూతురు ఆమె ఫోనులో కృత్రిమ మేధ చాట్‌బాట్ యాప్ ఒకటి పెట్టి, ఖాతా తెరిచి, ‘ఇక ఏది కావాలన్నా దీన్నే అడుగమ్మా’ అని చెప్పి తన ఊరు వెళ్లిపోయింది. మొదటిరోజు ఆమె ఖాళీ తెర ముందు కూర్చుని ‘నాకు సహాయం చేయండి’ అని టైపు చేస్తే, ‘తప్పకుండా, ఏ విషయంలో సహాయం కావాలి?’ అని జవాబు వచ్చింది. ఏం చెప్పాలో తోచక యాప్ మూసేశారు. తర్వాత ధైర్యం చేసి మూడుసార్లు వాడితే, మూడూ ఆమె మనసులో ముల్లులా మిగిలిపోయాయి. ఆఫీసులో ఒక జూనియర్ అడిగిన సెలవు నిబంధన గురించి చాట్‌బాట్‌ను అడిగి, అది చెప్పినట్టే అతనికి చెప్పారు. అతను ఆ ప్రకారం దరఖాస్తు పెట్టుకుంటే తిరస్కరించారు, నలుగురిలో ఆమె తల దించుకోవలసి వచ్చింది. తల్లి రక్తపరీక్ష నివేదికను ఫొటో తీసి, అందులో పేరు, ఫోను నంబరు, ఆసుపత్రి నమోదు సంఖ్య ఉండగానే చాట్‌బాట్‌కు ఇచ్చారు. ఆ వివరాలు ఎక్కడికి పోయాయోనన్న దిగులు ఇంకా వదలలేదు. మూడోది అన్నిటికన్నా బరువైనది. భర్తను పోగొట్టుకున్న చిన్ననాటి స్నేహితురాలికి ఓదార్పు ఉత్తరం రాయడానికి మాటలు రాక చాట్‌బాట్ చేత రాయించి పంపారు. ‘నీ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు’ అని ఆ స్నేహితురాలు బదులు రాసింది. ఆ వాక్యం చదివిన దగ్గరనుంచి ఆమెకు నిద్ర లేదు.

‘ఈ వయసులో నీకెందుకీ తంటా’ అని భర్త అంటున్నారట. ఆఫీసులో చిన్నవాళ్లు మాత్రం పనులన్నీ దానితోనే చక్కబెట్టుకుంటున్నారట. ‘నాకు దీన్ని నేర్చుకునే శక్తి లేదా? వదిలేయాలా? నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నా స్నేహితురాలికి నేను చేసింది మోసమా?’ అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరాన్ని మీరు ‘నేర్చుకోలేకపోతున్నాను’ అనే ఒకే ఫిర్యాదుగా రాశారు గాని, అందులో ఒకదానితో ఒకటి సంబంధంలేని నాలుగు విషయాలు చిక్కుపడి ఉన్నాయి. ఖాళీ తెర ముందు ఏం అడగాలో తోచకపోవడం అలవాటుకు సంబంధించినది. సెలవు నిబంధన తప్పడానికి కారణం ఆ యంత్రం స్వభావంలో ఉంది. రక్తపరీక్ష నివేదికది జాగ్రత్తకు సంబంధించిన సంగతి. స్నేహితురాలి ఉత్తరం విషయానికి సాంకేతికతతో అసలు పనే లేదు, అది మీ ఇద్దరి మధ్య ఉన్న అనుబంధానికి చెందినది. ఈ నాలుగూ కలిసి ‘నాకు చేతకాదు’ అనే ఒక్క మాటగా మారి మీ మీద కూర్చున్నాయి. వీటిని విడదీసి చూద్దాం.

ముందుగా, మీరు వెనకబడిపోయారన్న మాట నిజం కాదు. ఇలాంటి చాట్‌బాట్‌లలో సామాన్యుల చేతికి విస్తృతంగా అందిన మొదటిది చాట్‌జీపీటీ, అది విడుదలైనది 2022 నవంబరు 30న. క్లాడ్, నేటి జెమినై వంటివి ఆ తర్వాతే వచ్చాయి. అంటే మీ ఆఫీసులో ఎంత చురుకైన కుర్రవాడికైనా దీనితో ఉన్న పరిచయం కొద్ది సంవత్సరాలదే. పైగా, దీన్ని బాగా వాడుకోవడానికి కావలసిన నేర్పు ఆ కుర్రవాడికన్నా మీకే ఎక్కువ ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. ఇన్నేళ్లుగా మీరు చేస్తున్న పని ఏమిటి? కింది ఉద్యోగికి విషయం వివరించి చిత్తుప్రతి రాయమనడం, అతను తెచ్చినదాన్ని ఎర్ర సిరాతో దిద్దడం, తప్పు ఉంటే వెనక్కి పంపడం, చివరికి మీ సంతకంతో బయటికి పంపడం. చాట్‌బాట్‌తో చేయవలసింది కూడా అదే. మీరు దానిని అన్నీ తెలిసిన పండితుడిగా భావించి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డారు. దాన్ని కొత్తగా చేరిన ఉద్యోగిగా చూడండి: చకచకా రాస్తాడు, భాష బాగుంటుంది, విసుగన్నది ఎరుగడు, కానీ మీ ఆఫీసు సంగతి ఒక్కటీ తెలియదు, తెలియదని ఒప్పుకోవడం కూడా అతనికి సరిగా రాదు.

ఖాళీ తెర సమస్య ఇక్కడే తీరుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంట్లో వాషింగ్ మెషిన్ నుంచి నీరు కారుతోంది, కంపెనీకి ఫిర్యాదు రాయాలి. ‘వాషింగ్ మెషిన్ గురించి ఫిర్యాదు లేఖ రాయండి’ అని అడిగితే, తేదీ దగ్గర ఖాళీ, పేరు దగ్గర ఖాళీ పెట్టి, ఎవరైనా ఎవరికైనా పంపదగిన ఒక నిస్సారమైన లేఖ వస్తుంది. దాని బదులు కింది ఉద్యోగికి చెప్పినట్టు ఇలా చెప్పి చూడండి: ‘మా వాషింగ్ మెషిన్ కొని 14 నెలలైంది, వారంటీ 2 సంవత్సరాలు. నీరు కారుతోందని ఇప్పటికి రెండుసార్లు మరమ్మతు చేశారు. రెండోసారి చేసిన 9 రోజులకే మళ్లీ కారడం మొదలైంది. కంపెనీ సేవా విభాగం అధికారికి లేఖ కావాలి. మూడోసారి మరమ్మతు వద్దు, యంత్రమే మార్చాలని అడగాలి. మర్యాదగా ఉండాలి, గట్టిగా కూడా ఉండాలి. 150 పదాలు దాటకూడదు. నేను చెప్పని విషయం ఏదీ చేర్చవద్దు. వివరాలు చాలకపోతే రాసే ముందు నన్ను అడగండి.’

ఈ చివరి రెండు వాక్యాలను ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. మొదటిది దాని కల్పనాశక్తికి కొంతవరకు కళ్లెం వేస్తుంది. రెండోది మీ పనిలో సగాన్ని తగ్గిస్తుంది, ఎందుకంటే ‘మరమ్మతు చేసిన తేదీలు ఏవి? రసీదులు ఉన్నాయా?’ అని అదే అడగడం మొదలుపెడుతుంది, ఏం టైపు చేయాలో తోచని ఇబ్బంది దానితో పోతుంది. లేఖ వచ్చాక అంతటితో వదలకండి. ‘రెండో పేరా బతిమాలినట్టుంది, మార్చండి’, ‘ఈ మాట మరీ పుస్తకభాషలా ఉంది, మామూలుగా రాయండి’ అని వెనక్కి పంపండి. తెలుగులో అడిగినప్పుడు ఈ రెండో మాట తరచు అవసరమవుతుంది. ఈ యంత్రాలు నేర్చుకున్న పాఠంలో ఇంగ్లీషు పాలు చాలా ఎక్కువ, తెలుగు పాలు తక్కువ కనుక, వాక్యాలు కొన్నిసార్లు తర్జుమా చేసినట్టు బిగుసుకుపోయి వస్తాయి. టైపు చేయడం కష్టమైతే, మీ యాప్‌లో మైకు గుర్తు ఉంటే దాన్ని నొక్కి మాట్లాడవచ్చు. ఒక పని ముగిసి వేరే పనికి పోయేటప్పుడు కొత్త సంభాషణ తెరవండి. ఒకేదానిలో అన్నీ కలిపి సాగదీస్తే, పాత విషయాలు కొత్త జవాబులోకి చొరబడతాయి, మొదట చెప్పిన షరతులు క్రమంగా మరుగున పడతాయి.

ఇక సెలవు నిబంధన సంగతి. ఇక్కడ మీ పొరపాటు చిన్నది, దాని ఫలితం మాత్రం ఇంకొకరి మీద పడింది కనుక మీరు అంతగా బాధపడుతున్నారు. అసలు జరిగిందేమిటో అర్థమైతే మళ్లీ ఆ గోతిలో పడరు. ఈ చాట్‌బాట్‌ల లోపల నిబంధనల పుస్తకం అంటూ ఏదీ తెరిచి ఉండదు. అపారమైన రాతను చదివించి, ఏ మాట తర్వాత ఏ మాట రావడం సహజమో అంచనా వేసేలా వాటిని తయారుచేశారు. సెలవు నిబంధన అడిగితే, సెలవు నిబంధన సాధారణంగా ఎలా ఉంటుందో అలాంటి వాక్యాన్ని అల్లి ఇస్తుంది. అది మీ ఆఫీసు నిబంధనతో సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. రెండు సందర్భాల్లోనూ దాని గొంతు ఒక్కటే, అదే నమ్మకం, అదే స్పష్టత. మీరు మోసపోయింది ఆ గొంతు చూసే, అలా మోసపోయినది మీరొక్కరే కాదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉటంకిస్తూ కోర్టుకు పత్రం సమర్పించారు. ఆ తీర్పులు అసలు లేనే లేవని తేలింది, న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. ఆ కేసులో గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. వారిలో ఒకరు, ఈ తీర్పులు నిజమైనవేనా అని తిరిగి చాట్‌బాట్‌నే అడిగారు, నిజమైనవేనని అది చెప్పింది.

కాబట్టి ‘నిజమేనా?’ అని దాన్నే అడగడం సరిచూడడం కిందికి రాదు. అలా అడిగితే తప్పును సమర్థించుకోవచ్చు, లేదా మీ ప్రశ్నలో అనుమానం ధ్వనించిందని సరైన జవాబును కూడా క్షమాపణ చెప్పి మార్చేయవచ్చు. సరిచూడడానికి దాని బయట ఉన్నదేదో ఒకటి కావాలి: మూలపత్రం, తెలిసిన మనిషి, లేదా ఇంటర్నెట్‌లో వెతికి జవాబిచ్చే సదుపాయం ఉంటే అది చూపే లంకె. ఆ లంకెను తెరిచి, అక్కడ నిజంగా ఆ మాట ఉందో లేదో మీ కళ్లతో చదవాలి.

దీనిని తిరగేస్తే మీకు పనికొచ్చే మార్గం కనిపిస్తుంది. నిబంధన ఏమిటని అడగడానికి బదులు, నిబంధన పాఠాన్నే దాని ముందు పెట్టి, ‘ఇందులో ఉన్నదాని ఆధారంగా మాత్రమే చెప్పండి, ఏ పేరాలో ఉందో చూపండి, లేకపోతే లేదని చెప్పండి’ అని అడిగితే, అది చాలావరకు ఉపయోగపడుతుంది. చూపిన పేరాను మీరు ఒక నిమిషంలో చదివి నిర్ధారించుకోగలరు. అయితే ఆఫీసు కాగితాలను బయటి యాప్‌లో పెట్టవచ్చో లేదో ముందుగా పైఅధికారిని అడగండి. చాలా సంస్థలు దీనిమీద ఇప్పటికే ఆదేశాలిచ్చాయి. అనుమతి లేకపోతే ఆ పనికి దాన్ని వాడకండి, నిబంధనల ఫైలు మీకు చేతికందే దూరంలోనే ఉంటుంది కదా. ఆ జూనియర్‌తో ఒకసారి, ‘సరిచూడకుండా చెప్పాను, నా పొరపాటు’ అని నేరుగా అనండి. మీరింకా ఆ మాట అన్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. అది మీకూ అతనికీ ఇద్దరికీ అవసరమని నా అభిప్రాయం.

మీ అమ్మగారి నివేదిక విషయంలో చేయగలిగింది ఈరోజే చేయండి. ఆ సంభాషణను తెరిచి తొలగించండి. యాప్ సెట్టింగులలో మీ సంభాషణలను యంత్రానికి శిక్షణ ఇవ్వడానికి వాడుకోవచ్చా అనే అంశం కోసం వెతికి, ఉంటే దాన్ని ఆపివేయండి. గుర్తుంచుకునే సదుపాయం, అంటే ఒక సంభాషణలో చెప్పిన సంగతిని మరోసారి వాడుకునే ఏర్పాటు ఉంటే, అందులో అమ్మగారి వివరాలు నమోదయ్యాయేమో చూసి చెరిపివేయండి. తొలగించినది మీ తెర మీద వెంటనే మాయమైనా కంపెనీ యంత్రాలలో కొంతకాలం ఉండవచ్చునన్నది నిజం, దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పలేను. అయితే మీరు ఇచ్చినది మీ ఖాతాకు సంబంధించిన సంభాషణే తప్ప, నలుగురూ చూసేచోట అంటించిన కాగితం కాదు. సంభాషణను పంచుకునే లంకె ఏదీ మీరు తయారుచేసి ఎవరికీ ఇవ్వలేదు కనుక, నిద్ర మానుకునేంత భయం అక్కరలేదు.

ఇకమీదట వైద్య నివేదిక గురించి అడగాలంటే ఫొటో ఇవ్వకండి. పేరు లేకుండా వయసు, పరీక్ష పేరు, వచ్చిన విలువ, దాని కొలమానం, పక్కన ముద్రించిన సాధారణ పరిమితి మాత్రమే టైపు చేయండి. ఫొటోలోని అంకెలను యంత్రం ఒక్కోసారి తప్పుగా చదువుతుంది కూడా. ‘ఇది ఏ జబ్బు?’ అని అడిగితే, ఆమెను చూడని, ఆమె పాత చరిత్ర తెలియని యంత్రం అంచనా చెబుతుంది. మీకు మిగిలేది లేనిపోని భయమో, లేనిపోని ధీమానో. ‘ఈ పరీక్ష దేనికి చేస్తారు, డాక్టరుగారిని నేను అడగవలసిన ప్రశ్నలేమిటి?’ అని అడిగితే, చేతిలో ఒక చిన్న కాగితంతో మీరు ఆసుపత్రికి వెళ్తారు. మందు మోతాదు మార్చే విషయంలో మాత్రం దాని మాట వినకండి. పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఇతరులు మీతో నమ్మకంగా చెప్పుకున్న సంగతులు కూడా అందులో పెట్టకండి.

వదిలేయాలా అని అడిగారు. వదిలేయవచ్చు. మీ పని ఇప్పటివరకు అది లేకుండానే నడిచింది, ఇకపైనా నడుస్తుంది. మీకు నష్టమయ్యేది కొంత సమయం మాత్రమే. కానీ అవమానం జరిగిందని వదిలేస్తే ‘నాకు చేతకాలేదు’ అన్న మాట మీలో మిగిలిపోతుంది. అవసరం లేదని తెలుసుకుని వదిలేస్తే మిగలదు. అందుకే వదిలేయడమైనా ఇంకొక నెల చూసి వదిలేయమంటాను. రెండో దారి, మీ ఆఫీసు చిన్నవాళ్లలా ప్రతి పనికీ దాన్నే ఆశ్రయించడం. పనులు వేగంగా జరుగుతాయి. కానీ తెలియని విషయాల్లో కూడా దాని మీదే ఆధారపడితే తప్పు ఎక్కడ దొర్లిందో కనిపెట్టే మనిషి ఉండరు, రాసే అలవాటు కూడా తగ్గుతుంది. ఈ మధ్యలో ఇంకొకటి ఉంది, నా మొగ్గు దానివైపే: జవాబు తప్పో ఒప్పో మీరే తేల్చగల పనులకు మాత్రమే కొంతకాలం వాడండి. మీరు రాసిన లేఖలో అక్షరదోషాలు దిద్దించడం, మీరు చదివిన పెద్ద పత్రాన్ని సంక్షిప్తం చేయించి ఏం వదిలేసిందో చూడడం, ప్రయాణానికి సర్దుకోవలసిన వస్తువుల జాబితా వేయించడం, రేపటి సమావేశానికి మీరు చెప్పిన అంశాలను వరుసలో పెట్టించడం. వీటిలో అది పొరపడితే మీకు వెంటనే తెలుస్తుంది, ఎవరికీ నష్టం ఉండదు. నెలరోజులు ఇలా చేస్తే అది ఎక్కడ గట్టిగా నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో మీ అనుభవంలోనే తెలుస్తుంది. ఆ తర్వాత తెలియని విషయాలు అడగడం మొదలుపెట్టవచ్చు. వీటన్నిటికీ ఉచితంగా దొరికే సదుపాయమే చాలు, చందా కట్టడం గురించి ఇప్పుడే ఆలోచించకండి.

మీ వారి మాటకు జవాబు వెతుక్కోనక్కరలేదు. వాషింగ్ మెషిన్ లేఖ లాంటిదేదో ఒకటి ఆయన పక్కన కూర్చున్నప్పుడు రాయించి, ఇద్దరూ కలిసి దిద్దండి.

చివరి ప్రశ్న మీ స్నేహితురాలి గురించి. మోసమా అంటే, కాదనే నా అభిప్రాయం. ఆమెను ఓదార్చాలన్న తపన మీది, మాటలు రాక తల్లడిల్లింది మీరు, పంపినది మీరు. ఆ మాటలు మీలో పుట్టినవి కావని తెలిసి బాధపడుతున్నది కూడా మీరే. యంత్రం మాటకు మనిషి చలించడం కొత్త సంగతి కాదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త ‘ఎలైజా’ అనే చిన్న ప్రోగ్రాం గురించి ప్రకటించారు. ఎదుటివారి మాటల్నే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అయినా, అది తయారవుతుండగా దగ్గరుండి చూసిన ఆయన కార్యదర్శే, కొద్దిసేపు దానితో మాట్లాడాక, తనను ఒంటరిగా వదిలి గది బయటికి వెళ్లమని ఆయనను కోరిందట. దుఃఖంలో ఉన్నవారు అక్షరాల వెనుక ఒక మనిషిని వెతుక్కుంటారు. మీ స్నేహితురాలు వెతుక్కున్నది మిమ్మల్ని, ఆమెకు దొరికింది కూడా మీరే, ఎందుకంటే ఉత్తరం కింద మీ పేరు ఉంది, దాని వెనుక మీ ఇద్దరి బాల్యమంతా ఉంది.

అయినా మీకు మనశ్శాంతి లేదు, దానిని నేను తేలికగా తీసుకోను. మీ ముందు ఉన్న దారులు చూడండి. నిజం చెప్పేయవచ్చు. మీ బరువు దిగుతుంది, కానీ ఆమె ఇన్నిరోజులూ పట్టుకుని ఉన్న ఒక ఆసరా ఈ సమయంలో చేజారవచ్చు. మీ ఊరట కోసం ఆమె అంత మూల్యం చెల్లించాలా అన్నది ఆలోచించండి. ఎప్పటికీ చెప్పకుండా ఉండవచ్చు. ఆమెకు ఏ నష్టమూ లేదు, మీకు మాత్రం ఆ ముల్లు అలాగే ఉండిపోతుంది. లేదా ఇప్పుడు చెప్పకుండా, మీదైన ఉత్తరం ఒకటి రాయవచ్చు. ఆమె కుదుటపడిన తర్వాత ఎప్పుడో, మీరిద్దరూ తీరికగా కూర్చున్నరోజు, మాటల మధ్య ఈ సంగతి చెప్పుకోవచ్చు. నేనైతే ఈ మూడోదే చేస్తాను.

ఆ ఉత్తరంలో ఓదార్పు వాక్యాలు వెతకనక్కరలేదు, అవి ఆమెకు ఇప్పటికే చేరాయి. ఆమె భర్తను మీరు మొదటిసారి చూసినరోజు ఏం జరిగింది, ఆయన మీ ఇంటికి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చునేవారు, ఆమెను ఏమని పిలిచేవారు, మీ ముందు ఏ మాటకు పగలబడి నవ్వారు, ఇలాంటివి మీకు గుర్తున్నంత రాయండి. నాలుగు వాక్యాలే వచ్చినా పంపండి. అక్షరదోషాలున్నాయేమోనని చాట్‌బాట్‌కు చూపించకండి. తీరిక ఉంటే కాగితం మీద చేత్తో రాయండి, ఆమె మీ దస్తూరి ఎరుగును కదా.